ఉప్పునీటి చెరువులో హాలిబట్ పెంచవచ్చా?

ప్రశ్న: మా రెండెకరాల ఉప్పునీటి చెరువులో ఈసారి వేసిన రొయ్య తెల్లమచ్చల తెగులుతో పోయింది. చెన్నైలో ఒక దుకాణంలో హాలిబట్ చేప ముక్కల ధర చూసి ఆశ పుట్టింది. పిల్ల తెప్పిస్తానంటూ ఒక దళారి సగం డబ్బు ముందే అడుగుతున్నాడు. ఈ చేప మన దగ్గర పెరుగుతుందా? దాని కళ్లు రెండూ ఒకే పక్కన ఉంటాయట, నిజమేనా?
– ఒక రైతు, పొన్నేరి

జవాబు: ఆ దళారికి రూపాయి కూడా ఇవ్వకండి. మీ చెరువులో హాలిబట్ బతకదు.

ఇది ఉత్తర అట్లాంటిక్, ఉత్తర పసిఫిక్ సముద్రాల చేప. పెద్ద చేపలు ఎక్కువగా 3 నుంచి 8 డిగ్రీల చల్లని నీటిలో తిరుగుతాయి. ఎండాకాలంలో మీ చెరువు నీరు 30 డిగ్రీలు దాటుతుంది. నీరు వేడెక్కితే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. 5 డిగ్రీల సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 డిగ్రీల దగ్గర 6 మాత్రమే. నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఎన్ని తిప్పినా ఆ లోటు తీరదు.

కళ్ల సంగతి నిజమే. నాకు ఎంతో ఇష్టమైన విషయం కూడా. హాలిబట్ శీతాకాలంలో వందల మీటర్ల లోతున గుడ్లు పెడుతుంది. పెద్ద ఆడచేప ఒక్క ఏడాదిలో ఇరవై, ముప్పై లక్షల గుడ్లు పెట్టగలదు. గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు నోరు ఇంకా తెరుచుకోదు. 6 డిగ్రీల నీటిలో నెలన్నర దాటేదాకా పచ్చసొనే దానికి ఆహారం. అప్పటికి అది మామూలు చేపపిల్లలాగే నిటారుగా ఈదుతుంది, పక్కకొక కన్ను ఉంటుంది. అంగుళం పొడవుకు వచ్చే సరికి పుర్రె మెలి తిరిగి, ఎడమ కన్ను తల మీదుగా కుడివైపుకు చేరుతుంది. ఇక జీవితాంతం ఎడమ పక్కను నేలకు ఆనించి పడుకుంటుంది. పైవైపు ఇసుక, బురద రంగుల్లో కలిసిపోతుంది, కిందివైపు తెల్లగా ఉంటుంది. అలా కనబడకుండా పొంచి ఉండి చేపలను, పీతలను, స్క్విడ్‌లను పట్టి తింటుంది.

కాబట్టి దళారి అంగుళం దాటిన పిల్లలు చూపించి హాలిబట్ అంటే వాటి తల గమనించండి. రెండు కళ్లూ కుడివైపున లేకపోతే అది దాదాపుగా హాలిబట్ కాదనే అనుకోవచ్చు. ఉన్నా సరే, విదేశీ చేపను కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా తెచ్చి పెంచకూడదు.

ఇంకో చిక్కు ఎదుగుదల. పసిఫిక్ హాలిబట్ ఆడచేప ఈడుకు రావడానికి దాదాపు పన్నెండేళ్లు పడుతుంది. 55 ఏళ్లు బతికిన చేప కూడా నమోదైంది. నార్వేలో పెంపకం ఉంది కానీ, అక్కడి చల్లని నీటిలోనూ అమ్మకం సైజుకు కొన్నేళ్లు ఆగాలి. అప్పు తెచ్చి చెరువు చేసే రైతు అన్నేళ్లు ఎలా ఆగుతాడు?

చెన్నైలోని కాశీమేడు చేపల రేవులో ‘ఇండియన్ హాలిబట్’ పేరుతో బల్లపరుపు చేప అమ్ముతారు. అది వేరే కుటుంబం, మన వేడి సముద్రాలదే. దాని కళ్లు కుడివైపున ఉండవచ్చు, ఎడమవైపునా ఉండవచ్చు. సముద్రంలో పడవ లాగే ట్రాల్ వలల్లో పడేదే తప్ప, పెంపకానికి నేను సూచించను.

మీ చెరువుకు నా సలహా పండుగప్ప. తమిళంలో కొడువా అంటారు. తెల్లమచ్చల వైరస్ రొయ్య, పీత జాతులకు సోకేది, చేపలకు సోకదు. అందువల్ల ఇప్పుడు చేప పంట వేయడం మంచి ఆలోచన. పండుగప్ప మంచినీటి నుంచి సముద్రపు నీటి దాకా తట్టుకుంటుంది కనుక ఈశాన్య రుతుపవనాల వానకు ఉప్పదనం పడిపోయినా భయం లేదు. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలకృషి పరిశోధన సంస్థ (సీబా) 1997లోనే దీని కృత్రిమ సంతానోత్పత్తిని సాధించింది. పిల్ల కోసం మొదట వారినే అడగండి. మీ చెరువుకు తీరప్రాంత చెరువులను నమోదు చేసే కేంద్ర సంస్థ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా చూసుకోండి.

పిల్ల వేసే ముందు చెరువును పగుళ్లు వచ్చేదాకా ఎండబెట్టి సున్నం చల్లండి. పండుగప్పలో పెద్ద పిల్ల చిన్నదాన్ని మింగేస్తుంది. చిన్న పిల్లలను పెంచే నర్సరీలో ఉన్నంత కాలం వారానికి ఒకసారైనా సైజుల వారీగా వేరు చేయండి. కనీసం మూడు, నాలుగు అంగుళాలు వచ్చాకే పెద్ద చెరువులోకి వదలండి.