కారులో విమానం ఇంజన్ పెడితే వేగం ఎక్కడి నుంచి వస్తుంది?

విమానం ఇంజన్‌తో నడిచిన కార్లు నిజంగా ఉన్నాయా, ఉంటే నిమిషానికి రెండు వేల చుట్లు కూడా తిరగని ఇంజన్ కారును అంత వేగంగా ఎలా లాగింది అని అడిగారు. ఉన్నాయి, వందేళ్ల కిందటే ఉన్నాయి. ఎలా లాగిందన్నది మాత్రం లెక్కలు చదివినవాళ్లకంటే ఇంజన్ బెల్టు పక్కన నిలబడి చూసినవాళ్లే బాగా చెప్పగలరు. నేను నిలబడి చూశాను.

ముందు ఒక కారు సంగతి. 1908 నాటి ఫియట్ రేసు కారు ఒకటి ఇంజన్ పేలిపోయి పడి ఉంటే, ఎర్నెస్ట్ ఎల్డ్రిడ్జ్ అనే ఇంగ్లండు రేసర్ దాన్ని కొన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఫియట్ ఎ.12 విమానం ఇంజన్‌ను అందులో దించాడు. ఛాసిస్, అంటే కారు అడుగు చట్రం, పొడవు చాలకపోతే పాత లండన్ బస్సు ముక్కలు తెచ్చి అతికించాడు. ఆరు సిలిండర్లు, 21.7 లీటర్లు, 320 హార్స్‌పవర్. మన మారుతి 800 ఇంజన్లు నాలుగు కలిపినా అందులోని ఒక్క సిలిండర్‌కు సరిపోవు. దాని పేరు మెఫిస్టోఫెలీ. 1924 జులైలో ఫ్రాన్స్‌లోని అర్పజాన్ రోడ్డు మీద అందరికంటే వేగంగా నడిపితే, పోటీలో ఉన్న రెనె థామస్ దీనికి రివర్స్ గేరే లేదు, చెల్లదన్నాడు. ఎల్డ్రిడ్జ్ కొద్ది రోజుల్లోనే రివర్స్ గేరు అమర్చుకుని వచ్చి, 12వ తేదీన గంటకు 234.98 కిలోమీటర్లతో ప్రపంచ రికార్డు పట్టుకుపోయాడు. అసలైన మెకానిక్ అంటే నా దృష్టిలో అతనే.

విమానం ఇంజన్ నెమ్మదిగా తిరగడానికి కారణం ప్రొపెల్లర్. దాని రెక్కల కొసలు ధ్వని వేగాన్ని సమీపిస్తే గాలిని తోసే శక్తి పడిపోతుంది. అందుకే చుట్లు పెంచకుండా పిస్టన్లను పెద్దవి చేసి బలం రాబట్టారు. ఆ బలం ఎలాంటిదో నేను వెల్దండ దగ్గరి ఒక ఊళ్లో చూశాను.

మా నాన్నకు కల్వకుర్తిలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. సంక్రాంతి దాటిన రోజులు, చెలకల్లో ఆముదం గెలలు కోసి కళ్లాల్లో ఎండబెట్టిన కాలం. అక్కడ ఒక రైతు కొడుకు కాయలు వలిచే యంత్రానికి పాత మోటారు సైకిల్ ఇంజన్ బిగించి, పని జరగక మా నాన్నను పిలిపించాడు. పై గేరులో పెడితే నాలుగు చేటల కాయలు పడేసరికి ఇంజన్ ఆగిపోతోంది. కింది గేరులో పెడితే యంత్రం నెమ్మదించి కాయ పగలడం లేదు. బండి మీద ఉన్నప్పుడు తగిలే గాలి ఇక్కడ లేదు కదా, సిలిండర్ చుట్టూ ఉన్న రేకులు చేయి పెట్టలేనంతగా కాగిపోయాయి.

"ఇది కూడా ఎనిమిది హెచ్.పి.యే కదా మిస్త్రీ, మీ ఆయిల్ ఇంజన్‌కూ అంతే కదా" అన్నాడు అతను.

"బలం ఎంతని కాదు తమ్మీ, ఎన్ని చుట్లకు వస్తుందో చూడు" అన్నాడు నాన్న.

మరునాడు ఎడ్లబండి మీద మా షెడ్డు నుంచి ఎనిమిది హెచ్.పి. ఆయిల్ ఇంజన్ వెళ్లింది. నాన్న వాల్వు లివర్ ఎత్తిపట్టుకుని హ్యాండిల్ తిప్పాడు. ఫ్లైవీల్ ఊపందుకోగానే లివర్ వదిలాడు. గొట్టంలోంచి నల్లటి పొగ ఒక్కసారి ఎగజిమ్మి, తర్వాత ఒకే తూగుతో కొట్టుకోవడం మొదలైంది. అతను గంపెడు కాయలు ఒక్కసారే కుమ్మరించాడు. బెల్టు బిగుసుకుంది. ఇంజన్ చప్పుడు ఒక్క క్షణం లోతుగా మారింది, చుట్లు పడిపోకుండా చూసే గవర్నర్ అనే భాగం కదిలి డీజిల్ ఇంకాస్త పంపింది, అంతే. ఫ్లైవీల్ ఆ బరువును మింగేసి తన చుట్లు తాను తిరుగుతూనే ఉంది. కింద చేటలోకి మచ్చల గింజలు, పక్కకు పొట్టు. చీకటి పడేదాకా ఆ కళ్లంలో ఇంజన్ ఆగలేదు. మోటారు సైకిల్ ఇంజన్‌కు ఆ ఎనిమిది హెచ్.పి. నిమిషానికి ఎనిమిది వేల చుట్ల దగ్గర వస్తుంది, దీనికి వెయ్యి లోపే వస్తుంది. షాఫ్టును తిప్పే బలంలో తేడా ఎనిమిది రెట్ల పైమాటే. ఎల్డ్రిడ్జ్ చక్రాలకు అందించింది కూడా ఇదే బలం. ఇంత బలం ఉంటే ఇంజన్ నెమ్మదిగా తిరిగినా, పై గేరులోనే చక్రాలను వేగంగా తిప్పుతుంది.

ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో, నల్గొండలో సాయంత్రమైతే సైలెన్సర్లు విప్పేసి బండ్లు నడిపే పిల్లలను చూస్తే కడుపు మండుతుంది. ఆసుపత్రి ముందు కూడా ఆపరు. చప్పుడే బలం అని వాళ్లకు ఎవరు నేర్పారో! ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చినా డీజిల్ చిమ్మే నాజిల్ ఒక్కటైనా విప్పి చూడనివాళ్లు ఎందరో ఉన్నారు.

ఆముదం మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధపు విమానాల్లో చాలావాటికి నోమ్, లె రోన్ వంటి రోటరీ ఇంజన్లు ఉండేవి. వాటిలో ప్రొపెల్లర్‌తోపాటు సిలిండర్లు కూడా తిరిగేవి. పెట్రోలు క్రాంక్ కేసు, అంటే నూనె తిరిగే ఇంజన్ నడిమి పెట్టె, గుండానే వెళ్లేది కాబట్టి మామూలు నూనె అందులో కరిగి పలచబడేది. ఆముదం పెట్రోలులో అంత సులువుగా కలవదు, వేడికి కూడా జారుడు పోగొట్టుకోదు. అందుకే ఆ ఇంజన్లకు ఆముదమే పోశారు. మన ఎర్ర చెలకల్లో, వానమీద ఆధారపడి పండే ఈ పంటను చిన్నచూపు చూసేవాళ్లు ఆ సంగతి తెలుసుకోవాలి. పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం మంచి వంగడాలు ఇచ్చింది, అయినా ఏటికేడు చెలకలన్నీ పత్తికి పోతున్నాయి.

జెట్ కార్లను నేను ఈ లెక్కలో కలపను. 1997 అక్టోబరు 15న ఆండీ గ్రీన్ నడిపిన థ్రస్ట్ ఎస్ఎస్‌సి, రెండు రోల్స్ రాయిస్ స్పే జెట్ ఇంజన్లతో అమెరికాలోని నెవాడా ఎడారిలో గంటకు 1,228 కిలోమీటర్లు వెళ్లి ధ్వని వేగాన్ని దాటింది. సాహసమే, కాదనను. కానీ అక్కడ ఇంజన్ చక్రాన్ని తిప్పదు, వెనక్కి గాలి చిమ్మి తోస్తుంది. చక్రం తిప్పనిదాన్ని నేను కారు అనలేను. నేల మీద విమానం ఇంజన్ బలం చూడాలంటే 1965 పాకిస్తాన్ యుద్ధంలో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర మన సైన్యం నడిపిన సెంచూరియన్ ట్యాంకులను చూడండి. వాటిలోని మీటియర్ ఇంజన్, స్పిట్‌ఫైర్ విమానపు మెర్లిన్ నుంచి వచ్చినదే, 27 లీటర్లు.

మీ కారులో ఇలాంటి ఇంజన్ పెట్టుకోవచ్చా అంటే, రోడ్డు మీదికి తేలేరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు.

లిబర్టీ విమానం ఇంజన్ ఉన్న బాబ్స్ అనే కారు 1927లో వేల్స్‌లోని పెండైన్ తీరంలో బోల్తాపడి, నడుపుతున్న పారీ థామస్ చనిపోతే, దాన్ని అక్కడే ఇసుకలో పాతిపెట్టారు. 1969లో ఓవెన్ విన్ ఓవెన్ అనే అధ్యాపకుడు తవ్వి తీసి, తుప్పంతా వదిలించి, మళ్లీ నడిచేలా చేశాడు. ఇక్కడేమో బంగారంలాంటి ఆయిల్ ఇంజన్లను పాత ఇనుము తూకానికి అమ్మేస్తున్నారు. మీ బావి దగ్గర ఒకటి పడి ఉంటే అమ్మకండి. లైనర్, పిస్టన్ రింగులు మార్చి, నాజిల్ శుభ్రం చేయించి ఒక్కసారి తిప్పి చూడండి.