సిల్వర్ లేబుల్ కమడోర్ 64 అసలైనదేనా అన్నదానికి నా సమాధానం

బ్రో, గరాజ్ సేల్‌లో దొరికిన కమడోర్ 64 (1980ల నాటి ఇంటి కంప్యూటర్) మీద రంగుల చారల బ్యాడ్జి కాకుండా వెండి రంగు లేబుల్ ఉంది, ఇది నిజంగా 1982 నాటి మొదటి రకమేనా లేక ఎవరైనా పై డబ్బా మార్చారా అని అడిగారు కదా. లేబుల్ చూసి మాత్రం డిసైడ్ అవ్వకండి, పై మూత మార్చడం ఐదు నిమిషాల పని.

ముందు వెనక్కి తిప్పి వీడియో సాకెట్‌లో చిల్లులు లెక్కపెట్టండి. మొదటి రకం మదర్‌బోర్డుకి 5 పిన్‌లే, 8 ఉన్నాయంటే లోపల తర్వాతి బోర్డు ఉన్నట్టే. 5 ఉంటే కింద మూడు స్క్రూలు తీసి మూత మెల్లగా లేపండి, కీబోర్డు వైరూ ఎర్ర లైటు వైరూ బోర్డుకి తగిలించి ఉంటాయి, లాగేస్తే తెగుతాయి. బోర్డు మీద 326298 అని కనపడాలి, నాకైతే అదే అసలు రుజువు. రేకు పెట్టెలో ఉన్న వీడియో చిప్ 6567ఆర్56ఏ అయితే ఇంకా సంతోషం, అది మొదట్లో వచ్చిన రకం, తెర మీద ఒక్కో గీతకి 64 క్లాక్ సైకిళ్లే తీసుకుంటుంది, తర్వాత వచ్చినవి 65.

ఒక్కటి మాత్రం బతిమాలి చెప్తున్నా, పాత పవర్ అడాప్టర్ పెట్టి ఆన్ చేయకండి! అడాప్టర్ లోపల వోల్టేజ్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోతే 5 వోల్టుల లైన్లో ఎక్కువ వోల్టేజ్ వచ్చి ర్యామ్ చిప్పులు కాలిపోతాయి. కొత్త అడాప్టర్ కొనండి, బోర్డు ఫొటో పెట్టండి, చూసి చెప్తా.