టీజర్‌లో వయొలిన్లు విని అప్పుడే సంబరపడొద్దు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే సినిమా మీద. ఇంకా విడుదల కాని ఆ సైన్స్ ఫిక్షన్ సినిమాకి పూర్తి ఆర్కెస్ట్రాతో నేపథ్య సంగీతం చేయిస్తున్నారన్న వార్త, దాని వెనకే వచ్చిన టీజర్, రెండూ కలిసి అభిమానుల్ని రెండు జట్లు చేసేశాయి. సినిమా పేరు నేనే తీసేశాను. ఉంచితే జవాబులు వదిలేసి పేరు మీద కొట్టుకుంటారు.

ప్రశ్న: ఆర్కెస్ట్రా, ఆర్కెస్ట్రా అని ఊదరగొట్టారు. టీజర్‌లో చూస్తే మొదటి నుంచి చివరి దాకా ‘భ్రామ్‌మ్’ అని ఒకటే మోత. సినిమా అంతా ఇలాగే ఉంటే చెవుల్లో దూది పెట్టుకుని వెళ్లాలా?

జవాబు: దూది అప్పుడే కొనకండి. టీజర్లో మీరు విన్నది చాలాసార్లు సినిమా సంగీత దర్శకుడు చేసింది కాదు. ట్రైలర్లకు మాత్రమే సంగీతం చేసిపెట్టే కంపెనీలు వేరే ఉన్నాయి, ట్రైలర్ కట్ చేసేవాళ్లు అక్కడి నుంచి తెచ్చుకుంటారు, ఎందుకంటే అప్పటికి అసలు ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం పని) మొదలే అయి ఉండదు. ఇక ఆ మోత 2010లో ‘ఇన్‌సెప్షన్’ వచ్చాక ట్రైలర్లకు పట్టుకున్న జబ్బు. ఆ సినిమాలో దానికో లెక్క ఉంది: కలలోకి వెళ్లేకొద్దీ కాలం సాగుతుంది కాబట్టి, కథలో వినిపించే పాత ఫ్రెంచ్ పాటనే బాగా నెమ్మది చేస్తే ఎలా ఉంటుందో ఆ ఇత్తడి వాద్యాలు అలా మోగుతాయి. తర్వాతివాళ్లు లెక్క వదిలేసి మోత పట్టుకున్నారు. ఒక్కోసారి సంగీత దర్శకుడు తనే ట్రైలర్‌కి చేసినా గ్యారంటీ లేదు. 2020లో ‘డ్యూన్’ మొదటి ట్రైలర్ కోసం ఆ సినిమా సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం పాట ఒకటి కోరస్‌తో మళ్లీ చేశాడు, తీరా హాల్లో కూర్చుంటే సినిమాలో ఆ పాటే లేదు.

ప్రశ్న: ఆర్కెస్ట్రా అయితేనే అసలు సంగీతం, సింథ్ (ఎలక్ట్రానిక్ సింథసైజర్) అంటే బద్ధకం అని మా ఫ్రెండ్ రోజూ వాదిస్తున్నాడు. వాడి నోరు మూయించే మాట ఒకటి చెప్పండి.

జవాబు: నోరు మూయించడం నా వల్ల కాదు గానీ, వాడికి మూడు సినిమాలు చెప్పండి. 1956లో వచ్చిన ‘ఫర్బిడెన్ ప్లానెట్’లో ఒక్క మామూలు వాద్యం కూడా లేదు. లూయీ, బేబీ బారన్ అనే దంపతులు తాము తయారు చేసుకున్న సర్క్యూట్ల నుంచి ఆ శబ్దాలన్నీ పుట్టించారు, టైటిల్స్‌లో దాన్ని సంగీతం అని కూడా వేయకుండా ‘ఎలక్ట్రానిక్ టొనాలిటీస్’ అని వేశారు. 1982 నాటి ‘బ్లేడ్ రన్నర్’లో వాంజెలిస్ సింథ్ తీసేస్తే ఆ వాన, ఆ నియాన్ దీపాలు సగం చచ్చిపోతాయి. మూడోది మీవాడి పక్షాన ఉన్నదే, 1977 నాటి ‘స్టార్ వార్స్’. అంతరిక్షం అంటే బీప్ బీప్‌లు ఉండాలని జనం అనుకునే రోజుల్లో జాన్ విలియమ్స్ లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాని కూర్చోబెట్టి వెనకటి తరం హాలీవుడ్ పద్ధతిలో బాణీలు కట్టాడు. తెర మీద అంతా కొత్త లోకం, కనీసం చెవికైనా తెలిసినది ఏదో ఒకటి అందాలి కదా అన్నది ఆలోచన. అంటే అక్కడ ఆర్కెస్ట్రా దర్జా కోసం రాలేదు, ఒక పని మీద వచ్చింది.

నన్నడిగితే బద్ధకం ఏ వాద్యంలోనూ ఉండదు. తొంభై మందిని కూర్చోబెట్టి ఒకే స్వరం మీద నాలుగు నిమిషాలు కమాను లాగిస్తే అది బద్ధకం కాదా? టీజర్‌లో వయొలిన్లు వినిపించగానే పండగ చేసుకుంటున్నవాళ్లకి కూడా ఇదే నా జవాబు. ఎన్ని వయొలిన్లు ఉన్నాయన్నది తర్వాత, ముందు అవి ఏం వాయిస్తున్నాయో వినండి.

ప్రశ్న: అంతరిక్షంలో గాలి లేదు, శబ్దం లేదు. మరి ఇంత సంగీతం ఎందుకు?

జవాబు: శబ్దం లేదు కాబట్టే. ‘గ్రావిటీ’ (2013) చూడండి, పేలుళ్లకు చప్పుడు ఉండదు, ఆ లోటంతా స్టీవెన్ ప్రైస్ సంగీతం మోస్తుంది.

ప్రశ్న: మొదట ప్రకటించిన సంగీత దర్శకుణ్ణి మధ్యలో మార్చేశారట. ఇక సినిమా పోయినట్టేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మార్చడం కొత్త కాదు. ‘బ్లేడ్ రన్నర్ 2049’కి ముందు యోహాన్ యోహాన్సన్ పనిచేశాడు, తర్వాత జిమ్మర్, బెంజమిన్ వాల్‌ఫిష్ వచ్చారు. సంగీతం వరకు సినిమా ఏమీ మునిగిపోలేదు. కానీ ఈ మార్పుల వెనక చాలాసార్లు ఒక దొంగ ఉంటాడు, వాడి పేరు టెంప్ ట్రాక్. ఎడిటింగ్ చేసేటప్పుడు సీను బోసిగా ఉండకుండా దొరికిన పాత సంగీతం ఏదో తాత్కాలికంగా వేసుకుంటారు. నెలల తరబడి అదే వింటూ కట్ చేశాక దర్శకుడి చెవి దానికి అలవాటు పడిపోతుంది, తర్వాత ఎంత మంచి బాణీ తెచ్చినా ‘బాగుంది గానీ...’ అంటాడు.

దీనికి బలైనవాళ్లలో అందరికన్నా ఎక్కువ జాలేసేది సంగీత దర్శకుడు అలెక్స్ నార్త్ మీద. 1968 నాటి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’కి ఆయన ఆర్కెస్ట్రాతో రికార్డు చేశాడు, దర్శకుడు కుబ్రిక్ మాత్రం టెంప్‌గా పెట్టుకున్న రిచర్డ్ స్ట్రాస్, యోహాన్ స్ట్రాస్, లిగెటీ సంగీతాన్నే ఉంచేశాడు (ఇద్దరు స్ట్రాస్‌లకీ చుట్టరికం లేదు, చాలామంది పొరబడతారు). నార్త్‌కి ఎవరూ చెప్పలేదు. సినిమా చూడ్డానికి వెళ్లి కూర్చున్నాక తెలిసింది, తన స్వరం ఒక్కటీ లేదని. పాతికేళ్లకి, 1993లో, ఆయన మిత్రుడు, మరో సంగీత దర్శకుడు జెర్రీ గోల్డ్‌స్మిత్ ఆ సంగీతాన్ని మళ్లీ వాయింపించి ఆల్బమ్‌గా తెచ్చాడు, అప్పటికి నార్త్ లేడు. ఆ గోల్డ్‌స్మిత్‌కే 1979లో ‘ఏలియన్’ విషయంలో దెబ్బ తగిలింది: చివర్లో ఆయన రాసింది తీసేసి హోవర్డ్ హాన్సన్ సింఫనీ వేశారు, మధ్యలో కొన్నిచోట్ల ఆయనదే ఇంకో పాత సినిమా సంగీతం తెచ్చి అతికించారు.

అయితే కుబ్రిక్ చేసింది తప్పా అని అడక్కండి. ఆ అంతరిక్ష నౌకలు యోహాన్ స్ట్రాస్ వాల్ట్జ్ (నాట్య బాణీ) మీద తిరగకుండా ఊహించుకోవడం ఇప్పుడు నాకు చేతకావడం లేదు. అన్యాయం జరిగింది, సినిమాకి మేలూ జరిగింది. కాబట్టి మార్చారన్న వార్తకి భయపడకండి. కొత్తాయనకి ఎన్ని వారాలు ఇచ్చారన్నది అడగండి, భయపడాలంటే అక్కడ పడొచ్చు.

ప్రశ్న: ఆల్బమ్ సినిమా కంటే రెండు వారాల ముందే వస్తుందట. వినేయాలా, ఆగాలా?

జవాబు: వినాలనుంటే ట్రాక్ పేర్లు చదవకుండా వినండి. 1999లో ‘ది ఫాంటమ్ మెనేస్’ సౌండ్‌ట్రాక్ ఇలాగే సినిమాకి రెండు వారాల ముందు వచ్చింది. సీడీ డబ్బా వెనక్కి తిప్పి చూసినవాళ్లకి ఒక ముఖ్య పాత్ర అంత్యక్రియలు అని ట్రాక్ పేరే కనిపించింది. ఎవరివో నేను చెప్పను, ఇంకా చూడనివాళ్లు ఉంటారు.

నేనైతే ఆగుతాను. ‘ఇంటర్‌స్టెల్లార్’లో నీళ్ల గ్రహం మీద సంగీతం గడియారంలా టిక్ టిక్‌మంటుంది చూడండి, అక్కడ ఒక గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్లు. ఆ సంగతి తెలియకుండా ముందే ఆల్బమ్‌లో వింటే అది ఉత్త టిక్ టిక్. హాల్లో విన్నప్పుడు మాత్రం నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.