ఇషాపూర్ రైఫిల్: అక్షరాలు, అడ్డమర

ప్రశ్న: టెక్సస్‌లో స్థిరపడ్డాను. ఇక్కడి ఒక వేలంలో పాత లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కొన్నాను. బోల్ట్ (తూటాను లోనికి నెట్టి మూసే కడ్డీ) పిడికి దిగువన ఇనుముపై కిరీటం, జి.ఆర్.ఐ. అనే అక్షరాలు, 1942 అనే అంకె ఉన్నాయి. మేగజైన్‌కు (తూటాల పెట్టెకు) కాస్త ముందు కొయ్యకు అడ్డంగా ఒక మర బిగించి ఉంది. పగిలిన కొయ్యను అతికించి అంటగట్టారా? జిడ్డుపట్టి నల్లబడిన కొయ్యను ఉప్పుకాగితంతో రుద్దవచ్చునా?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: మీ మొదటి అనుమానాన్ని ఆ అక్షరాలే తీరుస్తాయి. ఇంగ్లండులో తయారైన వాటిపై కిరీటం కింద జి.ఆర్. (లాటిన్‌లో జార్జి రాజు) అని మాత్రమే ఉంటుంది. చివరి ‘ఐ’ లాటిన్‌లో చక్రవర్తి అనే మాటకు పొడి అక్షరం. బ్రిటన్ రాజు అప్పట్లో భారతదేశానికి చక్రవర్తి కనుక, మీది హుగ్లీ ఒడ్డున ఉన్న ఇషాపూర్ కర్మాగారంలో, ఆరవ జార్జి కాలంలో తయారైనది. మన వాతావరణంలో కొయ్య నెర్రెలివ్వకుండా అడ్డమర బిగించడం అక్కడివారి అలవాటు. అది లోపం కాదు. నా దృష్టిలో నమ్మదగిన గుర్తు.

బోల్ట్ పిడి వెనుక ఉన్న సంఖ్య, తుపాకీ సంఖ్య ఒకటేనా అన్నది ఇంతకంటే ముఖ్యం. బోల్టును ఏ తుపాకీకి ఆ తుపాకీకే సరిచూసి అమర్చేవారు కాబట్టి, సంఖ్యలు కలవకపోతే తుపాకుల మరమ్మతు నిపుణుడు కొలిచి చూసేవరకు పేల్చకండి. డి.పి. అనే ముద్ర ఉంటే అది కవాతుకు కేటాయించినది. దానిని ఎన్నడూ పేల్చరాదు. ఏది పరీక్షించినా ముందుగా మేగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, లోపల తూటా లేదని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకోండి.

ఇక కొయ్య. పగుళ్లు ఎక్కువగా వచ్చేది ముందుకొయ్య (గొట్టం కింద ఉండేది) వెనుక అంచు ఇనుముకు ఆనుకునే చోట. తుపాకీ పేలినప్పుడల్లా వెనుకదన్ను పడేది అక్కడే. అది చూడాలని తొందరపడి మడమకొయ్యను (భుజానికి ఆనించే వెనుక కొయ్యను) ముందు విప్పకండి. దానిని పట్టి ఉంచే పొడవాటి మర కొస చతురస్రంగా ఉండి ముందుకొయ్యలోని రేకులో ఇమిడి ఉంటుంది. ముందుకొయ్యను తీయకుండా ఆ మరను తిప్పితే, ఎనభై ఏళ్లు నిలిచిన కొయ్య మీ చేతిలోనే చీలుతుంది.

ఉప్పుకాగితం మాత్రం వద్దు. మడమకొయ్యపై తనిఖీ ముద్రలు లోతు తక్కువగా ఉంటాయి, రెండు రుద్దులకే పోతాయి; పోయినవాటిని తిరిగి కొట్టించడం మోసమే. మెత్తని గుడ్డతో జిడ్డు తుడిచి, అవిసెనూనెను పలుచగా అరచేతితో పట్టించి ఆరనివ్వండి. నూనె గుడ్డను ఉండచుట్టి పడేయక ఆరుబయట పరచండి. ఉండగా ఉంటే దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది.