ఇంటిపట్టున ట్రాన్స్‌క్రిప్షన్: ముందు ఆ 12,000 కట్టకండి

ప్రశ్న: మాది ఆదోని. అమ్మాయి బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసి ఏడాదైంది. బ్యాంకు కోచింగ్‌కు నంద్యాల పంపమంటోంది. ఆడపిల్లను హాస్టల్లో ఉంచడం మాకు ఇష్టం లేదు. ఆడియో విని టైపు చేసే ట్రాన్స్‌క్రిప్షన్ పని ఉందట. 12,000 కడితే ఇంటికే ఏడాదంతా పని ఇస్తామంటున్నారు. కట్టమంటారా? రెండింటిలో ఏది మేలు? - ఒక తండ్రి

జవాబు: కట్టొద్దు. పని ఇచ్చేవాడు డబ్బులు ఇస్తాడు గానీ తీసుకోడు. ఇలాంటి ఒప్పందాల్లో ఒక మెలిక ఉంటుంది: 98 శాతం తప్పుల్లేకుండా చేయాలి, లేకుంటే జరిమానా. ఆ శాతం లెక్కగట్టేది వాళ్లే. ఫైళ్లు పంపాక ‘క్వాలిటీలో పోయింది’ అంటారు, ఆ వెనకే వకీలు నోటీసని వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వస్తుంది. దానికి భయపడి ఇంకో రూపాయి కట్టేవాళ్లూ ఉంటారు. ఈ ఉత్తరం వేశాక కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పని మాత్రం నిజమైనదే. ఇంగ్లీషులో మనిషి నిమిషానికి 150 మాటల దాకా మాట్లాడతాడు. అంటే గంట ఆడియోలో 9,000 మాటలు. నిమిషానికి 40 మాటల వేగంతో ఎక్కడా ఆగకుండా కొట్టినా టైపుకే 225 నిమిషాలు. వెనక్కి జరిపి మళ్లీ వినడం, ఏ మాట ఎవరిదో గుర్తు పెట్టడం, ఏ మాట ఏ నిమిషంలో వచ్చిందో టైమ్‌స్టాంపులు వేయడం, చివర్లో మొత్తం సరిచూడడం కలిపితే కొత్తవాళ్లకు 6 నుంచి 8 గంటలు. చేయి తిరిగినవాళ్లకు 4. డబ్బులిచ్చేది ఆడియో నిమిషానికి, అమ్మాయి కూర్చున్న నిమిషానికి కాదు. నిమిషానికి 15 రూపాయలు ఇచ్చారనుకుందాం. గంట ఆడియోకు 900. అది 6 గంటల పనైతే గంటకు 150, అందులోంచి వెబ్‌సైటు కమిషన్ కూడా పోతుంది. ఒక వారం ఫైళ్లు ఊపిరాడనివ్వవు, మరో వారం ఒక్కటీ రాదు.

నా అనుమానం అంతకంటే పెద్దది. 2022 సెప్టెంబరులో ఓపెన్‌ఏఐ కంపెనీ, ఆడియో విని తనే రాసిపెట్టే ‘విస్పర్’ అనే ఏఐ ప్రోగ్రామ్‌ను ఉచితంగా వదిలింది. అది ఎవరి కంప్యూటర్లోనైనా నడుస్తుంది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందు వాదనలనే యంత్రంతో రాయించడం మొదలుపెట్టారు. శుభ్రంగా వినిపించే ఇంగ్లీషు ఆడియోను మొదటి నుంచి టైపు చేయించడానికి ఇక ఎవరు డబ్బులిస్తారు? ఒకప్పుడు హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కోర్సులకు ఫీజులు కట్టి ఎగబడినవాళ్లను అడగండి, ఆ మోజు ఎలా చల్లారిందో చెబుతారు.

మిగిలింది యంత్రం రాసినదాన్ని దిద్దే పని. ‘ఫిఫ్టీన్’ను ‘ఫిఫ్టీ’ అని రాస్తుంది, ‘కాంట్’లో చివరి టకారాన్ని మింగి అర్థాన్నే తలకిందులు చేస్తుంది, అందరూ నిశ్శబ్దంగా ఉన్నచోట లేని వాక్యం పుట్టిస్తుంది. వాక్యాలు నున్నగా ఉంటాయి కాబట్టి ఆడియో వినకుండా కళ్లతో చదివితే ఈ తప్పులు దొరకవు.

మీ అమ్మాయికి పనికొచ్చేది తెలుగు చెవి. ఆదోని మార్కెట్‌లో రైతు ‘ఈ పొద్దు చెనిక్కాయకు రేటే ల్యాదు’ అంటాడు. పుస్తకాల తెలుగుకు అలవాటుపడిన యంత్రం ఇక్కడే తడబడుతుంది. ఉన్నదున్నట్టు రాయమంటే ‘ల్యాదు’ అనే ఉండాలి, శుభ్రం చేసి రాయమంటే ‘లేదు’. ఏది కావాలో మొదటి ఫైలుకు ముందే అడగాలి, లేకపోతే మొత్తం మళ్లీ కొట్టాలి. ఇంకొకటి, డీటీపీ సెంటర్లో నేర్పే అనూ ఫాంట్లు ఇక్కడ చెల్లవు, ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా చదవగలిగే యూనికోడే కావాలి. విండోస్‌లో ఉండే తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోమనండి.

ఖర్చు తక్కువే. 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్, చెవులు పూర్తిగా మూసే వైరు హెడ్‌ఫోన్లు చాలు. కరెంటు పోయినా నెట్ ఆగకుండా రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టండి. ఆడియో వింటూ అక్కడే టైపు చేసుకునే ఓట్రాన్స్‌క్రైబ్ బ్రౌజర్లోనే ఉచితం. ఎస్కేప్ నొక్కితే ఆడియో ఆగుతుంది, ఎఫ్1 నొక్కితే వెనక్కి పోతుంది. ఆడియో ఆపడానికి, నడపడానికి కాలితో నొక్కే పెడల్‌ను పని నిలకడగా వచ్చాక కొనొచ్చు. క్లయింటు ఆడియోను ఏదో ఉచిత ఏఐ సైటులో పెట్టి రాయించుకుంటే మాత్రం గోప్యత ఒప్పందం తప్పినట్టే. కొత్తవాళ్లు పని పోగొట్టుకునేది టైపు తప్పులతోనే కాదు, దీనితో కూడా.

ఇక మీ సంగతి. కోపగించుకోకండి, మీ ఉత్తరంలో అమ్మాయికి ఏం ఇష్టమో ఒక్క వాక్యంలో ఉంది, అదీ నంద్యాల అని. మిగతాదంతా మీ భయమే. గడప దాటనివ్వకూడదని ముందే అనుకుని, దానికి సరిపడే ఉద్యోగం వెతుకుతున్నారు. ఇంట్లోనే ఉంటుంది కదా అని మధ్యలో పదిసార్లు పిలిచి పొయ్యి దగ్గర నిలబెడితే గంట ఆడియో రెండు రోజులైనా తెమలదు. తలుపు వేసుకునే గది ఇవ్వలేనివాళ్లు ఇంటి నుంచి పని అనే మాట ఎత్తకూడదు.

ఏడాది ఖాళీగా ఉందని బెంగ పెట్టుకోకండి. బీకాం చదివిన పిల్లకు ఏడాదితో ఏదీ చేజారిపోదు. టైపు నేర్చుకున్నా వృథా పోదు: జిల్లా కోర్టుల్లో టైపిస్టు, కాపీయిస్టు పోస్టులకు టైప్‌రైటింగ్ హయ్యర్ సర్టిఫికెట్ అడుగుతారు. రెండింటిలో ఏది మేలంటే, నంద్యాలే. ట్రాన్స్‌క్రిప్షన్ పక్కన చేసుకునే పని, దాన్నే జీవనాధారం అనుకోకండి. హాస్టల్ భయమైతే ఒకరోజు మీరే వెళ్లండి, వార్డెన్‌తో మాట్లాడి, గేటు ఎన్నింటికి వేస్తారో, అన్నం ఎలా ఉందో చూసి రండి.

అమ్మాయికి నిజంగా ట్రాన్స్‌క్రిప్షన్ మీద మనసుంటే పరీక్ష సులువు. ఇద్దరు మాట్లాడుకుంటున్న 10 నిమిషాల ఆడియో తీసుకుని, గడియారం పెట్టి, ఒక్క మాట వదలకుండా టైపు చేయమనండి. మొదటిసారి 80 నిమిషాలైనా పరవాలేదు. నెల తర్వాత అలాంటిదే ఇంకొకటి ఇస్తే 60కి రావాలి. రాకపోయినా, రెండో రోజుకే విసుగొచ్చినా, ఖర్చయింది హెడ్‌ఫోన్ల డబ్బులే.