రెండు వారాల్లో ఏ సాఫ్ట్‌వేర్ అని తేల్చేదెలా?

ప్రశ్న: విశాఖ సిరిపురంలో ఒక చిన్న ఆఫీసులో వెబ్‌సైట్లు డిజైన్ చేస్తాను. ఎనిమిదేళ్లుగా ఫొటోషాప్‌లోనే పని. ఇప్పుడు మా సార్ ఫిగ్మా, పెన్‌పాట్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లు రెండూ చూసి, ఏది తీసుకోవాలో రెండు వారాల్లో చెప్పమన్నారు. యూట్యూబ్ పాఠాల్లో అంతా తేలిగ్గానే కనిపిస్తోంది. నా పని దగ్గరికొచ్చేసరికి చెయ్యి సాగట్లేదు. – ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ముందు ఆ పాఠాలు కట్టేయండమ్మా. వాటిలో ఎప్పుడు చూసినా ఓ కాఫీ షాపు యాపే చేస్తుంటారు. మన కస్టమర్ అలా ఉండడు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి "ఆ బటన్ మీద అప్లై తీసేసి తెలుగులో పెట్టండి" అంటాడు.

మీరు ఎప్పుడో చేసిచ్చేసిన సైటు ఒకటి తీయండి, బాగా విసిగించినదైతే మరీ మంచిది. మూడు పేజీలు చాలు. రెండింటిలోనూ గీయండి. గీయడానికి ఎంతసేపు పట్టిందో లెక్క పెట్టొద్దు, కొత్తలో ఎవరికైనా నెమ్మదే. లెక్క ఆ తర్వాత మొదలవుతుంది. ఆ కస్టమర్ అడిగిన మార్పులన్నీ మీ వాట్సాప్‌లో ఇంకా ఉండే ఉంటాయి. వాటినే వరసగా చేస్తూ, ఒక్కోదాని పక్కన నిమిషాలు రాసుకోండి.

"అప్లై" చోట "దరఖాస్తు చేసుకోండి" పెట్టి చూడండి. ఫొటోషాప్‌లో అయితే పెట్టె సాగదీసి, పక్కవన్నీ జరిపి, మిగతా పేజీల్లో మళ్లీ అదే చాకిరీ. ఫిగ్మాలో బటన్‌ని కాంపొనెంట్‌గా (అన్ని పేజీల్లో వాడుకునే అచ్చుగా) చేసి, లోపలి అక్షరాలను బట్టి పెట్టె సైజు మారే ఆటో లేఅవుట్ పెట్టుంటే, అసలుదాన్ని ఒక్కచోట మార్చగానే అక్షరాలతోపాటు పెట్టె కూడా అన్ని పేజీల్లో పెరుగుతుంది. ఈ ఆటో లేఅవుట్‌నే పెన్‌పాట్‌లో ఫ్లెక్స్ లేఅవుట్ అంటారు.

తెలుగు హెడ్డింగు దగ్గర మాత్రం కాస్త ఆగండి. "రాష్ట్ర స్త్రీ శిశు సంక్షేమం" అని రెండు వరసల్లో పడేలా టైపు చేయండి. ఇంగ్లిష్‌కి సరిపోయే 120 శాతం లైన్ హైట్ (అక్షరం సైజుతో పోలిస్తే ఒక్కో వరసకిచ్చే ఎత్తు) అలాగే ఉంచితే పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. నేను 150 దగ్గర మొదలుపెట్టి, ఫాంటును బట్టి దించుకుంటాను. మండలి ఫాంటుకి చాలింది రామభద్ర ఫాంటుకి చాలకపోవచ్చు. అన్నట్టు, కస్టమర్ ఇచ్చిన మేటర్ అను ఫాంట్లలో ఉంటే పేస్ట్ చేయగానే పిచ్చి అక్షరాలొస్తాయి. అది యూనికోడ్ (అన్ని చోట్లా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు, మార్చుకుని తెచ్చుకోవాలి. అందుకని సాఫ్ట్‌వేర్‌కి మార్కులు తగ్గించకండి.

ఇక మన ఊరి సంగతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక మా ఆఫీసులో రోజుల తరబడి కరెంటు లేదు, నెట్ లేదు. ఫైళ్లు మిషన్‌లోనే ఉండబట్టి, జనరేటర్ ఉన్న చుట్టాలింట్లో కూర్చుని ఒక పని ముగించాం. ఫిగ్మా ఫైళ్లు వాళ్ల సర్వర్లో ఉంటాయి. లోకల్ కాపీ దించుకోవడం ఎలాగో మొదటి రోజే నేర్చుకోండి. పెన్‌పాట్ ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది, కావాలంటే మీ ఆఫీసు సర్వర్లోనే పెట్టుకోవచ్చు. కానీ దాన్ని చూసుకునే మనిషి ఉన్నాడా?

కంపెనీని నమ్ముకుని కూర్చోవడం నా వల్ల కాదు. ఫైర్‌వర్క్స్ అనే వెబ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ మీద ప్రాణం పెట్టుకున్నాను, 2013లో ఫొటోషాప్ కంపెనీ అడోబీయే దాని కొత్త వెర్షన్లు ఆపేసింది. అదే అడోబీ 2022లో 2,000 కోట్ల డాలర్లకు ఫిగ్మాను కొంటానంది, 2023 డిసెంబర్‌లో ఆ బేరం రద్దయింది. రేపు ఎవరు ఎవర్ని కొంటారో మనకెందుకు గానీ, మన ఫైళ్లు బయటికి ఎలా వస్తాయో చూసుకోవాలి.

కోడ్ రాసే అబ్బాయిని ఒక పూట పక్కన కూర్చోబెట్టుకోండి. రంగు నంబరు, మార్జిన్ ఎంత అని మిమ్మల్ని అడక్కుండా తనే చూసుకోగలిగాడా? మీలాంటి చిన్న ఆఫీసుకి నా ఓటు ఫిగ్మాకే, కానీ మీ సార్‌కి నా పేరు చెప్పకండి. నిమిషాలు రాసుకున్న ఆ కాయితం చూపించండి.