ఇంట్లో బీరు తయారుచేసే కంట్రోల్ ప్యానెల్ డ్రాయింగుకు ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

వేడినీళ్ల పాత్రకూ, మరిగించే పాత్రకూ చెరొక 3500 వాట్ల హీటరు, రెండు పంపులు, ఉష్ణోగ్రతను అదుపుచేసే రెండు పీఐడీ కంట్రోలర్లు ఉన్న ప్యానెల్ కట్టాలనుకుంటున్నానని, రెండు హీటర్లూ ఒకేసారి పనిచేయకుండా ఇంటర్‌లాక్ ఉండాలని, ఆ డ్రాయింగుకు ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుందా, సర్క్యూట్ బోర్డులు గీసే కీక్యాడ్ పనికివస్తుందా అని అడిగారు. ఇలాంటి ప్యానెళ్లు నేను రెండు కట్టాను. మొదటిదానికి మామూలు బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ వాడాను, రెండవదానికి క్యూఎలెక్ట్రోటెక్ వాడాను. మీకు కూడా క్యూఎలెక్ట్రోటెక్‌నే సూచిస్తాను. అది విద్యుత్ డ్రాయింగుల కోసమే చేసిన ఉచితమైన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది.

మొదటి ప్యానెల్ డ్రాయింగులో విడిభాగాల ఫొటోలు అతికించి, వాటి మధ్య రంగు గీతలు గీశాను. చూడడానికి చక్కగా ఉండేది. కే1, కే2 అనేవి ఒక్కొక్క హీటరుకు కరెంటు ఇచ్చే కాంటాక్టర్లు, అంటే కాయిల్‌కు కరెంటు అందితే లాగి కలిసే స్విచ్‌లు. కే1 లాగినప్పుడు కే2 కాయిల్‌కు కరెంటు అందకుండా కే1లోని 21-22 నంబర్ల నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టును (కాయిల్ లాగనప్పుడు కలిసి ఉండేదాన్ని) కే2 కాయిల్‌తో సిరీస్‌లో పెట్టాను. తర్వాత హీటరు ఆగి ఉందని చూపే దీపం కోసం, మరో మూలన, అదే 21-22ను ఇంకొకసారి వాడేశాను. ఆ సాఫ్ట్‌వేర్‌కు కాంటాక్టరు అంటే ఒక బొమ్మ మాత్రమే కాబట్టి అది అభ్యంతరం చెప్పలేదు, నేను కూడా గమనించలేదు. రంధ్రాలు వేసి, రైలు (భాగాలు తగిలించే లోహపు పట్టీ) నిండా భాగాలు బిగించి, వైరింగు సగమయ్యాక గాని ఆ కాంటాక్టు ఒక్కటే ఉందని తెలియలేదు. అదనపు కాంటాక్టు బ్లాకు పెట్టడానికి పక్కన చోటు లేక, రైలు మొత్తం విప్పి మళ్లీ అమర్చవలసి వచ్చింది. అంతకంటే నన్ను భయపెట్టినది ఇంకొకటి ఉంది. గీతను జరిపినప్పుడు దాని నంబరు పాతచోటనే ఉండిపోవడం వల్ల, 230 వోల్టుల ఫేజ్ వైరుకూ, సాలిడ్ స్టేట్ రిలేకు (హీటరును ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్‌కు) వెళ్లే 12 వోల్టుల డీసీ వైరుకూ 14 అనే ఒకే నంబరు పడింది. సరఫరా ఇవ్వకముందే మీటరుతో ఒక్కొక్క వైరునూ పరీక్షించడం వల్ల అది బయటపడింది.

క్యూఎలెక్ట్రోటెక్‌లో కాయిల్‌ను ప్రధాన గుర్తుగా, దాని కాంటాక్టులను అనుబంధ గుర్తులుగా కలుపుతాము. కాయిల్ కింద ఏ కాంటాక్టు ఏ పేజీలో, ఏ గడిలో ఉందో తనంతట తానే చూపుతుంది. కే1 కింద రెండు నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టులు కనిపిస్తే, చేతిలో ఉన్న కాంటాక్టరులో ఒకటే ఉందన్న సంగతి అక్కడే తట్టుతుంది. నంబరు వైరుకు అంటిపెట్టుకుని ఉంటుంది. ఒక వైరు నంబరు మారిస్తే, దానితో కలిసిన వైర్లన్నింటికీ అదే మార్పు వర్తింపజేయవచ్చు. మీ పీఐడీ కంట్రోలరుకు తగిన గుర్తు లేకపోతే ఎడిటర్‌లో మీరే గీసుకోవచ్చు. దాని వెనుక ముద్రించిన టెర్మినల్ నంబర్లనే గుర్తులోనూ వేయండి, వైరింగు సమయంలో ఎంతో హాయిగా ఉంటుంది.

ఇక కీక్యాడ్ విషయం. సర్క్యూట్ బోర్డులకు అది చాలా మంచి సాధనం, నేను కూడా వాడతాను. కానీ దానికి ఒకచోట కలిసే తీగలన్నీ కలిపి ఒకే నెట్. ప్యానెల్‌లో అలా చాలదు: న్యూట్రల్ వైరు ఏ కాయిల్ నుంచి ఏ కాయిల్‌కు దూకుతుంది, ఏ స్క్రూ కింద రెండు వైర్లు పడతాయి అన్నవే మనకు కావలసిన వివరాలు. క్యూఎలెక్ట్రోటెక్‌లో ప్రతి వైరునూ ఒక టెర్మినల్ నుంచి మరొక టెర్మినల్‌కు గీస్తాము కాబట్టి, గీసినది గీసినట్టుగా బిగించవచ్చు. ఈప్లాన్, ఆటోక్యాడ్ ఎలక్ట్రికల్ వంటివి ప్యానెళ్లు కట్టడమే వృత్తిగా ఉన్నవారి కోసం. ఒక్క ప్యానెల్ కోసం వాటిని నేర్చుకోవడం దండగ.

ఇంటర్‌లాక్‌ను మాత్రం కాగితం మీదే నమ్మకండి. కేడ్ సిము అనే ఉచిత ప్రోగ్రాములో కంట్రోల్ సర్క్యూట్ గీసి, బటన్లు నొక్కి నడిపి చూడవచ్చు. రెండు హీటర్లనూ ఒకేసారి ఎంచుకుంటే ఏమవుతుందో, ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే రెండు కాయిళ్లూ వదులుతాయో లేదో, మధ్యలో కరెంటు పోయి తిరిగి వస్తే హీటరు తనంతట తాను మొదలవుతుందేమో పరీక్షించండి. చివరిది ముఖ్యం. స్టార్ట్ బటన్‌కు సమాంతరంగా కాంటాక్టరులోని 13-14 కాంటాక్టును (లాగినప్పుడు కలిసేదాన్ని) పెట్టి, బటన్ వదిలినా కాయిల్ పట్టు నిలిచేలా చేస్తే, కరెంటు పోయినప్పుడు ఆ పట్టు విడిపోతుంది; ఈలోగా పాత్ర ఖాళీ చేసి ఉన్నా ఎండిన హీటరు వెలగదు. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కినప్పుడు ఒక రెసిస్టర్ ద్వారా ఎర్త్‌కు కరెంటు వదిలి ఆర్‌సీడీని (కరెంటు ఎర్త్‌కు జారితే సరఫరాను తెంచే రక్షణ స్విచ్‌ను) పడేసే పద్ధతి కొన్ని డ్రాయింగుల్లో కనిపిస్తుంది. దాన్ని అనుసరించవద్దని గట్టిగా చెబుతాను. స్టాప్ బటన్‌లోని నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టు కాయిల్ సరఫరాను తెంచాలి.

సాఫ్ట్‌వేర్ లెక్కించని సంగతులను డ్రాయింగు మీద మీరే రాసుకోవాలి. 3500 వాట్లకు 230 వోల్టుల వద్ద దాదాపు 15.2 ఆంపియర్లు. 30 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 2.8 యూనిట్లు పడతాయి, అంటే నష్టాలు కలపకుండానే 48 నిమిషాలు హీటరు పూర్తి లోడు మీద ఉంటుంది. అందుకే 16 ఆంపియర్ల ఎంసీబీతో సరిపెట్టకుండా నేను 20 ఆంపియర్లది, దానికి తగ్గట్టుగా 4 చదరపు మి.మీ. రాగి వైరు వాడాను. మీ ప్రాంతపు వైరింగు నిబంధనలు ఏమంటాయో చూసి మీరు నిర్ణయించుకోండి. సాలిడ్ స్టేట్ రిలే ఆంపియరుకు రమారమి ఒక వాటు, ఆపైన, వేడి పుట్టిస్తుంది కనుక హీట్ సింక్ రెక్కలు పెట్టె బయట ఉండాలి. ఆ రిలే చెడిపోతే చాలావరకు ఆన్ స్థితిలోనే ఇరుక్కుపోతుంది. దానికి ముందు కాంటాక్టరు ఉండి తీరాలి, మొత్తానికి ముందు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీడీ ఉండాలి. సాలిడ్ స్టేట్ రిలే ఆఫ్‌లో ఉన్నా కొన్ని మిల్లీఆంపియర్లు జారవిడుస్తుంది కూడా. హీటరు ప్లగ్గు తీసి పాత్ర కడుగుతున్నప్పుడు నా ఎల్‌ఈడీ దీపం సన్నగా వెలుగుతుంటే రిలే కాలిపోయిందనుకుని కొత్తది తెప్పించాను, తీరా చూస్తే పాతది బాగానే ఉంది.

తలుపు మీది అమరికను లిబ్రేక్యాడ్ అనే ఉచిత డ్రాయింగు సాఫ్ట్‌వేర్‌లో అసలు కొలతల్లో గీసి, ముద్రించి, రేకు మీద అతికించి రంధ్రాలు వేయండి. బటన్లకూ దీపాలకూ 22 మి.మీ. రంధ్రాలు, 48 మి.మీ. ముఖమున్న పీఐడీకి ఒక్కొక్క పక్క 45 మి.మీ. ఉండే చతురస్రపు రంధ్రం. పక్కనే 100 మి.మీ. గీత ఒకటి గీసి, ముద్రించాక స్కేలుతో కొలవండి, ప్రింటరు తెలియకుండా బొమ్మను కుదిస్తుంది. పీఐడీ లోతు కూడా కొలుచుకోండి. తలుపు మూసినప్పుడు అది కాంటాక్టర్లకు తగలకూడదు.

పవర్ ఒక పేజీ, కంట్రోల్ ఒక పేజీ, సెన్సర్లు ఒక పేజీగా విడదీసి, సరఫరా ఇవ్వకముందు అర్హత గల ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. నా రెండవ డ్రాయింగును చూసినాయన మొదట అడిగింది తలుపు ఎర్త్ గురించి. కీళ్ల ద్వారా ఎర్త్ అందుతుందని నేను అనుకున్నాను; రంగు వేసిన కీళ్లను అలా నమ్మకూడదని చెప్పి, పెట్టె నుంచి తలుపుకు ఆకుపచ్చ-పసుపు వైరును విడిగా గీయించి, బిగించి చూపాకే స్విచ్ వేయనిచ్చారు.